చీకటి హాలుకు అద్దం: గోడ సరైనదే, కొలతే ఎక్కువ

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, మిగతావాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్పి జవాబులోకి వెళ్తాను. విజయవాడ భవానీపురంలో మూడో అంతస్తు, రెండు పడక గదుల ఫ్లాటు. గుమ్మం తూర్పున, బాల్కనీ పడమటి చివర, మధ్యలో 11 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న హాలు. పక్కల గదులు రావడంతో హాలు నడిమి భాగం పట్టపగలు కూడా మసకగా ఉంటోంది. ఇంటీరియర్ పని ఒప్పుకున్నాయన బాల్కనీ నుంచి మొదలుపెట్టి ఉత్తరపు గోడ మీద 12 అడుగులకు 8 అడుగుల మేర అద్దం పరిచేద్దామంటున్నారు. గుమ్మానికి ఎదురుగా చెప్పుల అర దగ్గరున్న అడ్డుగోడకు పెద్ద గుండ్రటి అద్దం కూడా తగిలిద్దామంటున్నారు. మీ అత్తగారు గుమ్మం ఎదుట అద్దం ససేమిరా వద్దంటున్నారు. ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు. ఎవరి మాట వినాలి, ఎక్కడ ఎంత అద్దం పెట్టాలి, ఎలా బిగించాలి అన్నది మీరు అడిగినది.

అద్దాలు కోయడం, బిగించడం, ఇతరులు బిగించి పాడుచేసినవి ఊడదీయడం నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను. గుమ్మం దగ్గర మీ అత్తగారి మాట వినండి. హాలులో ఇంటీరియర్ ఆయన ఎంచుకున్న గోడను ఒప్పుకోండి, కొలతను మాత్రం ఒప్పుకోకండి.

అద్దం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి చాలామంది గోడకు ఎదురుగా నిలబడి, అక్కడ అద్దం ఉంటే ఎంత బాగుంటుందో ఊహించుకుంటారు. అలా కాదు. ఆ గోడకు వీపు ఆనించి నిలబడి ఎదురుగా చూడండి. మీకు ఏది కనిపిస్తుందో అద్దానికీ అదే కనిపిస్తుంది, అదే ఇంట్లో రెండోసారి ప్రత్యక్షమవుతుంది. ఎదురుగా ఆరేసిన బట్టల స్టాండు ఉంటే రెండు స్టాండ్లు, వంటగది సింకు ఉంటే రెండు సింకులు. అద్దాల వల్ల ఇల్లు ఇరుకుగా, చిందరవందరగా అనిపిస్తోందని నన్ను పిలిచిన ఇళ్లలో చాలావాటి జబ్బు ఇదే. తీరా చూస్తే అద్దం నాణ్యమైనదే, ఫ్రేము ఖరీదైనదే, కానీ దాని చూపు ఫ్రిజ్ మీద పేర్చిన అట్టపెట్టెల మీద ఉంటుంది.

ఇక వెలుగు సంగతి. అద్దం వెలుగును పుట్టించదు, తన మీద పడినదాన్ని మరో దిక్కుకు మళ్లిస్తుంది. మంచి అద్దం పడిన వెలుగులో సుమారు 90 శాతం తిప్పి పంపుతుంది. అయితే శుభ్రంగా తెల్లరంగు వేసిన మామూలు గోడ కూడా 80 శాతం దాకా తిప్పి పంపగలదు. గోడ దాన్ని అన్ని వైపులా వెదజల్లుతుంది, అద్దం ఒకే దారిన పంపుతుంది, తేడా అంతే. మీరు పెట్టిన ఫొటోలో దక్షిణపు గోడకు ముదురు నీలం రంగు, బాల్కనీ తలుపుకు బరువైన మెరూన్ కర్టెన్లు కనిపిస్తున్నాయి. ఆ నీలం గోడ తన మీద పడిన వెలుగులో పావు వంతు కూడా వెనక్కి ఇవ్వదు. ఉత్తరపు గోడ మీది అద్దం బాల్కనీ నుంచి వచ్చే వెలుగును మళ్లించినా, వెళ్లి పడేది ఆ నీలం గోడ మీదే. ఒకవైపు బిందె నింపుతూ రెండోవైపు అడుగున చిల్లు పెట్టుకున్నట్టు ఉంటుంది. ముందు ఆ గోడకు మీగడ రంగో తెలుపో వేయించండి, కర్టెన్లను పలుచటి బట్టకు మార్చండి. సగం సమస్య అక్కడే తీరుతుంది, అది కూడా అద్దం ఖర్చులో చిన్న భాగంతో.

మరి అద్దం ఎందుకంటే, కన్ను మోసపోవడానికి. గదిలో మరో కిటికీ ఉందన్న భావన అద్దం కలిగించినట్టు ఏ రంగూ కలిగించదు. మీ హాలు సన్నగా పొడవుగా ఉంది కాబట్టి పొడుగు గోడ మీద పెడితే వెడల్పు పెరిగినట్టు అనిపిస్తుంది. చివరి గోడ మీద పెడితే ఉన్న పొడవు ఇంకా సాగి సొరంగంలా తయారవుతుంది. ఈ లెక్కన ఇంటీరియర్ ఆయన ఉత్తరపు గోడను ఎంచుకోవడం సరైనదే.

ఆ గోడ సరైనది కావడానికి ఇంకా బలమైన కారణం మన ఊరి ఎండ. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం కూడా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. వేసవిలో అస్తమించేది కూడా నేరుగా పడమర కాదు, వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. అంటే వేసవి సాయంత్రాల్లో మీ బాల్కనీలోంచి దూసుకొచ్చే ఏటవాలు ఎండ దక్షిణపు గోడను తాకుతుంది, ఉత్తరపు గోడను తాకదు. చలికాలంలో సూర్యుడు నైరుతికి జరుగుతాడు కాబట్టి అప్పటి ఎండ ఉత్తరపు గోడ మీదికి వస్తుంది. డిసెంబరు, జనవరి ఎండ మనకు సమ్మతమే కదా. అదే అద్దం దక్షిణపు గోడకు పెట్టి ఉంటే మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లలోకి ఎండ కొట్టేది. తూర్పు గోడ మీద, అంటే బాల్కనీకి ముఖాముఖి పెట్టినా అంతే. వాస్తు చెప్పేవాళ్లు కూడా అద్దానికి ఉత్తరం, తూర్పు గోడలు మంచివంటారు. తూర్పు మీ ఇంట్లో కుదరదు. ఉత్తరం అటు శాస్త్రానికీ ఇటు ఎండకూ సరిపోయింది కాబట్టి మీ అత్తగారికి చెప్పడం కూడా తేలిక.

కిటికీకి ఎదురుగా అద్దం పెడితేనే గొప్పగా ఉంటుందన్న మాట ఎక్కడెక్కడో చదివి వస్తుంటారు. దానికి మూలం రాజభవనాలు. ఫ్రాన్సులోని వెర్సాయి రాజభవనంలో 1684లో పూర్తయిన అద్దాల మందిరంలో 17 కిటికీలకు ఎదురుగా 17 అద్దాల తోరణాలు ఉన్నాయి, మొత్తం అద్దాలు 357. ఆ కిటికీలు కూడా మీ బాల్కనీలాగే పడమర వైపు ఉన్నాయి. కానీ వాటి బయట ఉన్నది కనుచూపు మేర ఉద్యానవనం, పైన ఉన్నది పారిస్ దగ్గరి ఎండ. మన అపార్ట్‌మెంట్లలో కిటికీ బయట పక్క బిల్డింగు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, మరకలు కట్టిన డ్రైనేజీ గొట్టాలు ఉంటాయి. వాటిని తెచ్చి హాల్లో రెండోసారి ప్రదర్శించడం ఎందుకు?

మీకు మాత్రం ఒక అదృష్టం ఉండే అవకాశం ఉంది. భవానీపురానికి దక్షిణాన కృష్ణా నది. మీ బాల్కనీలో నిలబడి ఎడమవైపు, అంటే నైరుతి దిక్కుగా చూస్తే అడ్డంగా భవనం లేకుండా నది కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే, ఉత్తరపు గోడ మీద బాల్కనీకి దగ్గరగా పెట్టిన అద్దంలో దక్షిణపు గోడ వారగా సోఫాలో కూర్చున్నవాళ్లకు ఆ నీళ్లే కనిపిస్తాయి. చూపు సోఫా నుంచి వాయవ్యంగా వెళ్లి అద్దానికి తగిలి నైరుతికి మళ్లుతుంది. బాల్కనీలోకి వెళ్లకుండానే కూర్చున్న చోటి నుంచి నది కనిపించడం డబ్బు పోసి కొనుక్కునేది కాదు. దానికోసం అద్దం ఒక అడుగు అటో ఇటో జరపాల్సి వచ్చినా జరపండి.

ఈ లెక్కలన్నీ కాగితం మీద కాదు, ఇంట్లోనే సరిచూసుకోవాలి. పాత అద్దం ఏదైనా, కనీసం అడుగున్నర పొడవున్నది, ఒకరు గోడకు ఆనించి పట్టుకోండి. మరొకరు సోఫాలో, భోజనాల బల్ల దగ్గర, గుమ్మం దగ్గర కూర్చుని, నిలబడి చూడండి. ఉదయం ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి, రాత్రి లైట్లు వేశాక ఒకసారి చూడాలి. రాత్రి పూట చూడటం ఎవరికీ తట్టదు. పగలు వెలుగు చూపించిన అద్దం, రాత్రి బాల్కనీ తలుపు తెరిచి ఉంటే నల్లటి రంధ్రంలా కనిపిస్తుంది. ఎదురు గోడకు ట్యూబులైటు ఉంటే దాని ప్రతిబింబం కళ్లకు గుచ్చుకుంటుంది. టీవీకి ఎదురుగా అద్దం పడితే తెర మీద మెరుపులు తప్పవు. అద్దం పైకి ఉండి కాస్త వెనక్కి వాలితే తిరిగే ఫ్యాను అందులో కనిపిస్తూ ఉంటుంది, గదిలో కూర్చున్నవాళ్లకు ఎందుకో తెలియని చికాకు కలుగుతుంది. సరైన చోటు దొరికాక అద్దం కొలతకు న్యూస్‌పేపర్లు కత్తిరించి గోడకు అంటించి కొన్నాళ్లు అలాగే ఉంచండి. కాగితానికి అలవాటుపడిన కన్ను కొలత ఎక్కువైందో తక్కువైందో తనే చెబుతుంది.

కొలత విషయంలో నా సలహా: వెడల్పు మూడడుగులు, ఎత్తు అయిదడుగులు. బాల్కనీ అంచు నుంచి నాలుగైదు అడుగులు లోపలికి, కింది అంచు నేలకు రెండున్నర అడుగుల ఎత్తున. కింద తక్కువ ఎత్తు బల్లో, పుస్తకాల అరో పెడితే బాబు నేరుగా అద్దం దగ్గరికి రాలేడు.

12 అడుగులకు 8 అడుగులు ఎందుకు వద్దంటున్నానంటే, గాజు చదరపు మీటరుకు ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోల బరువు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల మందంతో ఆ గోడ నిండా పరిస్తే 110 కిలోలు దాటుతుంది. నేను చెప్పిన కొలతకు పదిహేడు కిలోల పైచిలుకు. అంత పెద్ద పలక ఒక్కటిగా మీ లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు, కాబట్టి ముక్కలుగానే వస్తుంది. ముక్కల మధ్య గీతలు వస్తాయి. గోడ కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక ముక్కలో మీ భుజం ఒకచోట, పక్క ముక్కలో మరోచోట కనిపిస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది మనిషి ఇబ్బంది. 11 అడుగుల వెడల్పు హాల్లో గోడ నిండా అద్దం ఉంటే సోఫాలో కూర్చున్న ప్రతివాళ్లూ తమను తాము చూసుకుంటూ మాట్లాడాలి. చుట్టాలు వచ్చినప్పుడు గమనించండి, అలాంటి ఇళ్లలో చీర కుచ్చిళ్లు సర్దుకోవడం, జుట్టు సవరించుకోవడం తప్ప స్థిమితంగా కబుర్లు సాగవు. బట్టల దుకాణానికి అది కావాలి, ఇంటికి అక్కర్లేదు.

ఇక గుమ్మం ఎదుట అద్దం. లక్ష్మీదేవి వెనక్కి వెళ్లిపోతుందని మీ అత్తగారు అన్నారని రాశారు. ఆ నమ్మకాన్ని నేను వాదనకు పెట్టను. నా కారణం వేరు. తలుపు తీయగానే ఎదురుగా అద్దం ఉంటే, బయట నిలబడ్డ కొరియర్ కుర్రాడికి అడ్డుగోడ దాటకుండానే ఇంటి లోపలి భాగం కనిపించే వీలుంది. అడ్డుగోడ కట్టుకున్నదే లోపల కనిపించకూడదని. దాని మీద అద్దం పెట్టి ఆ పని చెడగొట్టడం ఎందుకు? పైగా చీకట్లో తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఎదురుగా ఎవరో ఉన్నట్టు ప్రతిసారీ ఉలిక్కిపడాలి. ఆ గుండ్రటి అద్దం ముచ్చటగా ఉంటే చేతులు కడుక్కునే సింకు పైన పెట్టించండి, అక్కడ నప్పుతుంది. లైటు మాత్రం అద్దం పైన ఒక్కటే కాకుండా రెండు పక్కలా వచ్చేలా చూడండి. పైనుంచి పడే వెలుగులో కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడి ఎవరైనా జబ్బుపడి లేచినట్టు కనిపిస్తారు.

బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి చూసుకోవడానికి గుమ్మం పక్క గోడకు, ఎదురుగా కాకుండా, ఒక అద్దం ఉండటం మంచిదే. దానికి ఆరడుగుల నిలువుటద్దం అవసరం లేదు. మనిషి తల నుంచి పాదం దాకా కనిపించడానికి అతని ఎత్తులో సగం అద్దం చాలు. ఎంత దూరం జరిగినా ఆ లెక్క మారదు. అద్దం పై అంచు కంటికీ నడినెత్తికీ మధ్యలో ఉండాలి, కింది అంచు కంటి ఎత్తులో సగం దగ్గర ఉండాలి. ఇంట్లో పొడుగైనవారు 5 అడుగుల 10 అంగుళాలు, పొట్టివారు 5 అడుగులు అనుకుంటే, నేల నుంచి 2 అడుగుల 3 అంగుళాల దగ్గర మొదలై 5 అడుగుల 8 అంగుళాల దగ్గర ముగిసే అద్దం అందరికీ నిలువెల్లా చూపిస్తుంది. అంటే మూడున్నర అడుగులు కూడా లేదు. వెడల్పు అడుగున్నర చాలు.

బిగించడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

అద్దం వెనక ఉన్నది పాదరసం అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది పాతకాలం సంగతి. గాజు మీద పలుచగా వెండి పేరుకునేలా చేసే పద్ధతిని 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టాడు. ఇళ్లలో వాడే ఇప్పటి అద్దాలు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. వెండి పూత, దాని మీద రక్షణ పొర, ఆపైన రంగు. ఈ పూతకు శత్రువులు ఇద్దరు: ఆమ్లం, చెమ్మ. మన దగ్గర పని చేసేవాళ్లు చాలామంది అద్దాన్ని సిలికాన్ జిగురుతో గోడకు అంటించేస్తారు. సిలికాన్లలో రెండు రకాలు. ఒకటి ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది. చేపల తొట్టెలకు, కిటికీ గాజుకు అది పనికొస్తుంది కానీ అద్దం వెనక రాస్తే రంగులోంచి దిగి వెండిని తింటుంది. కొన్ని నెలలకే ముందు వైపు నుంచి చూస్తే సిలికాన్ పెట్టిన గీతలు, చుక్కలు గోధుమరంగు మచ్చలుగా తేలతాయి. దానికి మందు లేదు, అద్దం మార్చాల్సిందే. రెండోది న్యూట్రల్ సిలికాన్, దానికి ఆ ఘాటు ఉండదు. గొట్టం మీద న్యూట్రల్ అని రాసి ఉందో లేదో మీరే చదవండి. ధర కాస్త ఎక్కువ కాబట్టి కాంట్రాక్టరు దానంతట తను తేడు. మొదటి గీత పెట్టగానే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, పచ్చడి జాడీ దగ్గర వచ్చేలాంటి పుల్లటి వాసన వస్తే పని ఆపించండి.

సిలికాన్‌ను నిలువు గీతలుగానే పెట్టాలి. అడ్డగీతలు, సున్నాలు చుడితే వాటి వెనక చెమ్మ చిక్కుకుని బయటికి పోదు. అద్దం బరువును సిలికాన్ మీద వదలకూడదు. కింద అల్యూమినియం పట్టీ బిగించి అద్దాన్ని అందులో కూర్చోబెట్టాలి, పట్టీకి గాజుకు మధ్య చిన్న రబ్బరు ముక్కలు వేయాలి, పైన రెండు క్లిప్పులు. సిలికాన్ పని అద్దం కదలకుండా, గిలగిల చప్పుడు రాకుండా చూడటం వరకే.

వెనక పలక వేయిస్తామంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి, అది నీటిని తట్టుకునే రకం. ఎమ్‌డీఎఫ్ (కలప పీచు అదిమి చేసే బోర్డు), పొట్టుతో చేసిన బోర్డు వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, నీళ్లు తగిలిన ఆ బోర్డులు ఉబ్బిపోయి వాటికి అంటించిన అద్దాలు విరిగినవి చూశాను. మూడో అంతస్తుకు వరద రాదు, నిజమే. కానీ పైఫ్లాటు స్నానాలగది కారితే అదే పని నెమ్మదిగా జరుగుతుంది. మీ ఉత్తరపు గోడ అవతల స్నానాలగది గానీ నీళ్ల గొట్టాలు గానీ ఉన్నాయేమో ముందు కనుక్కోండి. గోడ మీద పెయింటు పొంగి పెచ్చులు లేస్తున్నా, తెల్లటి ఉప్పు పూసినట్టున్నా, ఆ చెమ్మ సంగతి తేల్చకుండా అద్దం పెట్టకండి. పెడితే అంచుల నుంచి నలుపు పాకుతూ వస్తుంది.

గోడ దేనితో కట్టారో డ్రిల్లు పొడి చెబుతుంది. ఎర్రగా వస్తే మట్టి ఇటుక, నిశ్చింతగా బిగించవచ్చు. ముదురు బూడిద రంగులో వస్తే బొగ్గు బూడిదతో చేసిన ఇటుక. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనే ఉండటంతో మన వైపు దీని వాడకం ఎక్కువ, అందులోనూ ప్లగ్గు బాగానే పట్టుకుంటుంది. తెల్లగా, పిండిలా, ఏ శ్రమా లేకుండా రాలితే తేలికపాటి ఏఏసీ దిమ్మె, అంటే లోపల గాలి బుడగలుండే సిమెంటు దిమ్మె. అందులో మామూలు ప్లగ్గు, చిన్న స్క్రూ నిలవవు. ఆ దిమ్మెల కోసమే తయారయ్యే పొడుగు నైలాన్ ప్లగ్గులు వాడాలి, డ్రిల్లును సుత్తి దెబ్బ లేకుండా తిప్పాలి.

రెండేళ్ల పిల్లవాడు ఉన్న ఇంటికి ఒక జాగ్రత్త అదనం. దుకాణంలోనే అద్దం వెనక సేఫ్టీ ఫిల్మ్ అతికించి ఇమ్మనండి. బొమ్మ కారు విసిరినా, బంతి తగిలినా అద్దం పగిలితే పగలొచ్చు కానీ ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, కింద రాలవు. నాలుగు అంచులూ పాలిష్ చేయించండి. బెవెల్, అంటే అంచును ఏటవాలుగా చెక్కించడం, మీ ఇష్టం, నాకైతే మూడడుగుల అద్దానికి అరంగుళం బెవెల్ ముచ్చటగా అనిపిస్తుంది. అంతకు మించితే కల్యాణమండపం వాలకం వస్తుంది.

గాజు ఎంచుకునేటప్పుడు ధర అడిగే ముందు రెండు పరీక్షలు చేయండి. దుకాణంలో ట్యూబులైటు ప్రతిబింబం అద్దంలో పడేలా నిలబడి తలను మెల్లగా పక్కకు జరపండి. లైటు గీత తిన్నగా జరిగితే గాజు మంచిది, పాములా మెలికలు తిరిగితే వద్దు. తర్వాత తెల్ల కాగితం అద్దానికి ఆనించి, కాగితాన్నీ అందులోని ప్రతిబింబాన్నీ పోల్చండి. మామూలు గాజులో ఇనుము ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ ఛాయ కొంత ఉండటం సహజం, కొట్టొచ్చినట్టు ఉంటే మాత్రం వేరేది చూడండి. వెనక రంగు మీద గీతలు ఉన్న పలక తీసుకోకండి. కంపెనీ సరుకంటే ఏమిటని అడిగారు. పెద్ద పేర్లలో సెయింట్ గోబెయిన్ ఒకటి. 1665లో ఫ్రాన్సు రాజు అద్దాల కర్మాగారంగా పుట్టి, పైన చెప్పిన వెర్సాయి మందిరానికి అద్దాలు చేసింది ఆ సంస్థే. పేరు ఏదైనా మందం 5 మిల్లీమీటర్లు ఉండాలి. 4 అయితే మూడడుగుల వెడల్పుకు వంగి, ముఖం ఒకచోట సన్నగా ఒకచోట లావుగా కనిపించవచ్చు. బిల్లులో గాజు, పాలిష్, ఫిల్మ్, బిగింపు విడివిడిగా రాయించుకోండి. ఆటోలో తెచ్చేటప్పుడు అద్దాన్ని నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే దాని ఆయువు తీరుతుంది.

మిగతా ప్రశ్నలకు తొందరగా. పడకగదిలో మంచానికి ఎదురుగా అద్దం వద్దని మీ అత్తగారు అన్నది కూడా వినదగినదే. రాత్రి వీధిదీపం వెలుగు, మనం పక్కకు ఒత్తిగిలిన కదలిక అందులో కనిపించి నిద్ర చెడుతుంది. బీరువా తలుపు లోపలి వైపు అద్దం పెట్టించుకుంటే గొడవే లేదు. ఆన్‌లైన్‌లో దొరికే ఆరు మూలల అక్రిలిక్ అద్దపు స్టిక్కర్లు ముఖం చూసుకోవడానికి పనికిరావు, గోడ ఏమాత్రం సమంగా లేకపోయినా బొమ్మ వంకరపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచినా గీతలు పడతాయి. బాబు గదిలో సరదాకు అంటించండి, గాజంత తేలిగ్గా పగలవు. గోధుమ, బూడిద రంగు అద్దాలు చూడటానికి బాగుంటాయి కానీ వెలుగును మింగుతాయి, చీకటి హాలుకు అవి అసలే వద్దు. ఎదురెదురుగా రెండు అద్దాలు కూడా వద్దు. తిరుమల అద్దాల మండపంలో స్వామి ఊయల సేవకు అది కన్నులపండువ, రోజూ భోంచేసే చోట తల తిరుగుడు. ముఖాన్ని పెద్దదిగా చూపించే బుల్లి మేకప్ అద్దం మీ ఇంట్లో ఉంటే బాల్కనీ వైపు గట్టు మీద మాత్రం ఉంచకండి. దాని గుంట ఆకారం పడమటి ఎండను ఒకేచోట పోగుచేస్తుంది, కర్టెన్ అంటుకోవడానికి అది చాలు.

శుభ్రం చేయడంలో ఒక్క అలవాటు మార్చుకుంటే అద్దం ఏళ్ల తరబడి ఉంటుంది. ద్రవాన్ని అద్దం మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టి తుడవండి. అద్దం మీద కొట్టినది జారి కింది పట్టీలో చేరి వెనక్కి పాకుతుంది. అడుగు అంచులు ముందుగా నల్లబడేది అందుకే. బోరు నీళ్ల ఉప్పు మరకలు సింకు దగ్గరి అద్దానికి తప్పవు. నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ ముంచి గట్టిగా పిండి, అంచులకు తగలకుండా మధ్యలో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. బొట్టుబిళ్లలు అంటించి వదిలేసిన జిగురును గోటితో, బ్లేడుతో గీకవద్దు. కొబ్బరినూనెలో దూది ముంచి కాసేపు అద్ది ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. ఆ పైన సబ్బునీళ్లు తగిలించిన గుడ్డతో జిడ్డు తుడిస్తే చాలు.

ఉత్తరపు గోడ అవతల ఏముందో, బాల్కనీ నుంచి నైరుతిలో నది కనిపిస్తోందో లేదో చూసి రాయండి. వీలైతే సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో హాలు ఫొటో ఒకటి పెట్టండి. అద్దం బాల్కనీకి ఎన్ని అడుగుల దూరంలో ఉండాలో అప్పుడు అంగుళాలతో సహా చెబుతాను. అప్పటిదాకా ఇంటీరియర్ ఆయనకు గాజు కోసం అడ్వాన్సు ఇవ్వకండి. ఒకసారి కోసిన అద్దాన్ని ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.